ఒక్కరికి ఒక్క కథే

వేదిక మీద పెద్దమనుషుల వరసలో చివరి కుర్చీ వదినది. కుర్చీకి కొత్తగా రంగు వేశారేమో, అంటుకుంటుందేమో అన్నట్టు వీపు ఎక్కడా తగలకుండా అంచు మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది, తీసింది, మోకాళ్ల మీద పెట్టుకుంది, మళ్లీ తీసింది. ఇస్త్రీ పెట్టె లేకుండా ఆ చేతుల్ని అంతసేపు ముంగి ఎప్పుడూ చూడలేదు. కాస్త ఓపిక పట్టు వదినా, కవరు తీసుకుని ఆ ఒక్క వాక్యం చెప్పేసి దిగిపో, బస్సులో పది సార్లు చెప్పించాను కదా, నా కథకు బహుమతి ఇచ్చినందుకు అందరికీ ధన్యవాదాలు, అంతే, అంతకు మించి ఒక్క మాట కూడా వద్దు, అనుకుంది ముంగి కింద కుర్చీలోంచి. ఆ వాక్యం వదిన నోట్లో బాగానే నిలబడింది గానీ, నా కథ అనే చోటికి వచ్చేసరికి ప్రతిసారీ నవ్వు వచ్చేది ఆమెకి. "నా కథంట! నా కథ నువ్వు వింటే ఈ జన్మకి పెళ్లి చేసుకోవు" అని పక్క సీటు వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. ఇప్పుడు నవ్వడం లేదు. కింద కుర్చీల్లో ముంగి ఎక్కడుందో వెతుక్కుంటోంది. మైకు ముందు ఎవరో పత్రిక చరిత్ర చెబుతున్నారు, స్థాపించినవారు, నిలబెట్టినవారు, కష్టాల్లో ఆదుకున్నవారు; పైన పంకా ఒక్కో చుట్టుకీ ఒకసారి దగ్గుతోంది; ముంగి ముందు వరసలో కూర్చున్న మనిషి చొక్కా కాలరు లోపలివైపు అరిగి దారాలు తేలి ఉంది. కాలరు చూస్తే మనిషి తెలుస్తాడు అని వదిన ఒకసారి అంది. ఆ మాట తీసుకెళ్లి కథలో పెట్టేసింది ముంగి. అడిగి పెట్టిందా? అడగలేదు. ఇంట్లో దొరికిన మాటకి అడగడం ఏమిటి, ఉప్పు డబ్బా మూత తీసినట్టు తీసుకోవడమే.

ముంగి అనేది అన్న పెట్టిన పేరు. చిన్నప్పుడు ఎవరేమన్నా బదులు చెప్పకుండా చూస్తూ ఉండేది కాబట్టి ముంగి. పల్లెటూరి బడిలో పంతులమ్మ కూడా హాజరు పిలిచేటప్పుడు తప్ప ముంగి అనే పిలిచింది, కళ్లద్దాల దుకాణంలో చేరిన రెండో రోజున అన్న వచ్చి బయటినుంచి ముంగీ అని కేకేస్తే అప్పట్నుంచి యజమానికీ అదే అలవాటైంది. అసలు పేరు ఒకటి ఉందని గుర్తు చేసేవి పత్రికలే. మొదటిసారి కథ పక్కన తన పేరు అచ్చులో చూసినప్పుడు, ఎవరీ అమ్మాయి, బాగానే రాసిందే అనుకుంది, ఆ తర్వాత ఒళ్లు ఝల్లుమంది. పారితోషికం వచ్చినప్పుడు అన్న పడీపడీ నవ్వాడు. "కథలకి కూడా డబ్బులిస్తారా? అబద్ధాలకి కూలీ అన్నమాట! నాకు ముందే తెలిస్తే ఈపాటికి మేడ కట్టేవాణ్ణి కదే" అన్నాడు లారీ కింద పడుకుని నట్టు బిగిస్తూ. గ్రంథాలయంలో ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు, బాధపడ్డాడు. డబ్బు కోసం రాస్తే అది కథ కాదమ్మా, రచన అనేది సేవ, తపస్సు అన్నాడు. ముంగి అప్పుడు కూడా బదులు చెప్పలేదు. కానీ నడుచుకుంటూ ఇంటికి వెళ్లే దారంతా చెప్పింది, లోపల, గట్టిగా. కాగితం అమ్మినవాడు తపస్సు చేయడం లేదు తాతగారూ. అచ్చు వేసినవాడు, కట్టలు కట్టినవాడు, బండిలో వేసుకుని ఊరూరా దింపినవాడు, కొట్లో తాడుకి వేలాడదీసి అమ్మినవాడు, అందరూ డబ్బు తీసుకున్నారు, తీసుకోవాలి కూడా. ఆ పత్రికలో ఉన్నదాన్ని పుట్టించిన మనిషి దగ్గరికి వచ్చేసరికే సేవ ఎందుకు అడ్డమొస్తుంది? మా వదిన చొక్కాకి ఇంత అని తీసుకుంటుంది. కాలితే తిట్లు తింటుంది. నేను కథకి ఇంత అని తీసుకుంటాను. బాగాలేకపోతే తిరగ్గొట్టండి. ఇందులో సిగ్గుపడేది ఎక్కడుంది, చూపించండి.

సిగ్గుపడలేదు, పద్ధతిగా నేర్చుకుంది. ఏ పత్రికకి నవ్వు కావాలి, ఏ పత్రికకి కన్నీళ్లు కావాలి, ఏ సంపాదకుడు కథలో సిగరెట్టు కనబడితే ఊరుకోడు, ఏ సంపాదకుడికి ఊరి పేరు లేకపోతే నచ్చదు. పోటీ ప్రకటన పడిన వారంలోనే పంపితే కట్ట అడుగున పడిపోతుంది, గడువు చివరి రోజున పంపితే విసుగెత్తిన కళ్లకి చేరుతుంది, మధ్యలో పంపాలి. పదిహేను వందల పదాలు మించరాదు అంటే పదహారు వందలు రాసి, కొత్త బట్టల మీద నూలు పోగులు ఏరినట్టు ఒక్కొక్క పదం ఏరి పారేయాలి. ఆ పని ఆమెకి రాయడం కంటే ఇష్టం. దుకాణంలో కళ్లద్దాలు బిగించే చిన్న స్క్రూడ్రైవరు పక్కన పెట్టుకుని, మధ్యాహ్నం బేరాలు లేని వేళ, 'చాలా' అనే మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి కొట్టేసేది. చేతిరాత ప్రతులు తీసుకోం అన్నాక కష్టమొచ్చింది. ఫోనులో బొటనవేలితో కొడితే వేలు వాచేది. టైపు చేసే కుర్రాడు పేజీకి ఇంత అని తీసుకుని, పైగా తనకి తోచిన మాటలు కలిపేవాడు. 'ఆమె లేచింది' అని రాసిస్తే 'ఆమె భారంగా లేచింది' అని కొట్టాడు ఒకసారి. అదేమిటంటే "బాగుంటుందని వేశానక్కా, దానికి విడిగా తీసుకోలేదులే" అన్నాడు. అందుకని ఒక కంప్యూటరు కావాలి. కొత్తది కాదు, ఎవరో వాడేసినదైనా చాలు. ఈ పోటీలో మొదటి బహుమతి సగం చేతికొచ్చినా దానికి సరిపోతుంది.

కానీ నిబంధనల్లో ఒక్కరు ఒక్క కథ మాత్రమే పంపాలి అని ఉంది, ముంగి దగ్గర రెండున్నాయి. ఒకటి ఏడాదిపాటు రాసింది, డ్రైవరు కథ. రెండోది నాలుగు సాయంత్రాల్లో రాసింది, చొక్కా కథ. మొదటిది గెలవాలని ఉంది, రెండోది గెలుస్తుందని తెలుసు. ఇస్త్రీ బల్ల దగ్గర వదిన ఎవరి ప్యాంటుకో మడత తేలుస్తుంటే చెప్పింది, నీ పేరు మీద ఒకటి పంపుతాను వదినా అని.

"నా పేరా? నాకేమిటి లాభం?"

"సగం."

"సగమా! పేరుకి అద్దె అంత పలుకుతుందా? ఇన్నాళ్లూ ఊరికే మోశానే దాన్ని." పెట్టె పక్కన నిలబెట్టి ముంగి మొహంలోకి చూసింది. "ఇందులో జైలు ఏమన్నా ఉందా?"

"లేదు."

"మీ అన్నకి తెలియాలా?"

"వద్దు."

"అయితే పంపు. ఆవిరి ఇస్త్రీ పెట్టె కొనుక్కుంటా నేను."

రచయిత్రి పరిచయం అని ఒక పేజీ అడిగారు. ముంగి తన కథకి, కళ్లద్దాల దుకాణంలో ఉద్యోగం అని ఒక్క వాక్యం రాసింది. వదిన కథకి, ఇద్దరు పిల్లల తల్లి, మెట్ల కింద చిన్న గదిలో ఇస్త్రీ చేస్తూ జీవనం అని రాసింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అది చదివినవాళ్ల గుండె ఎక్కడ మెత్తబడుతుందో కూడా ఆమెకి తెలుసు.

చప్పట్లు. పత్రిక చరిత్ర అయిపోయింది. ఇప్పుడు న్యాయనిర్ణేత లేచాడు, తెల్లటి జుట్టు, మెత్తటి గొంతు, చేతిలో కాగితాల కట్ట. వచ్చిన కథలన్నీ చదివానన్నాడు, చదివే ఉంటాడు, అలా కనిపించాడు. ఉతికిన చొక్కా అని వదిన కథ పేరు చెప్పాడు. పోయిన కొడుకు చొక్కాని ప్రతి ఆదివారం ఉతికి, ఇస్త్రీ చేసి, వేలాడదీసే తల్లి. చివర్లో ఊడిపోయిన గుండీ కుట్టబోయి, సూదిలో దారం ఎక్కించలేక, కొడుకుని పిలుస్తుంది దారం ఎక్కించమని. ఆ చోటుకి వచ్చేసరికి ఆయన చెప్పడం ఆపేశాడు. కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నటన కాదు. ఆ గుండీని ఎక్కడ ఊడదీయాలో మూడో సాయంత్రం దుకాణం కట్టేసే ముందు లెక్క వేసింది ముంగి, ఇక్కడ ఊడితే ఏడుస్తారు, ఇంకాస్త ముందే ఊడితే ఏడవరు అని. లెక్క సరిపోయింది. తెల్లజుట్టు మనిషి, ఎప్పుడో ఎవరినో పోగొట్టుకున్న మనిషేమో, ఇంతమంది ముందు ఏడుస్తున్నాడు. పాపం అనిపించింది, గర్వం కూడా వేసింది, రెండూ ఒకేసారి, ఏది ఏదో విడదీయడం కుదరలేదు. ఏడిపించడం చేతనైన పని. చేతనైన పనికి కూలి తీసుకోవచ్చు. తీసుకోవచ్చు కదా?

"ఇది బతికినవాళ్లు రాసే కథ" అన్నాడు ఆయన తేరుకుని. "బిడ్డని కన్న చేయి, ఇస్త్రీ పెట్టె వేడి తెలిసిన చేయి రాసిన కథ. ఇలాంటివి ఊహతో రావు. ఊహతో రాస్తే ఎలా ఉంటుందో కూడా చూశాను. ఉదాహరణకి, పేరు చెప్పను గానీ..."

ముంగికి తెలిసిపోయింది. ఆయన కట్టలోంచి ఇంకో కథ బయటికి తీయక ముందే తెలిసిపోయింది.

"ఒక బస్సు డ్రైవరు. కళ్లద్దాల కొట్లో గోడ మీద అక్షరాల అట్ట బట్టీ పట్టి, చూపు సరిగా లేకపోయినా గడగడా చదివేస్తుంటాడు. ఆ కొట్లో పిల్ల అట్ట మార్చేస్తుంది, పాత అక్షరాలే చదివి దొరికిపోతాడు. బాగుంది. ముగింపేమిటి? తాళాలు బల్ల మీద పెట్టి, 'ఇప్పుడు నన్ను ఇంటికి ఎవరు తీసుకెళ్తారు' అంటాడట. అంతే! అయిపోయింది!" హాల్లో కొందరు నవ్వారు. "ఆ తర్వాత? అతని భార్య, పిల్లలు? కన్నీరేది? ఈ అమ్మాయి బతుకుని ఇంకా చూడలేదు. సాధారణ ప్రచురణకి తీసుకున్నాం, ప్రోత్సహించాలి కదా."

సాధారణ ప్రచురణ. ఆ మాట ముంగికి కొత్త కాదు. బహుమతులన్నీ పంచగా మిగిలినవాటికి పెట్టే పేరు, ఎప్పుడు వేస్తారో చెప్పరు, ఎంతిస్తారో చెప్పరు, పోనీలే అని తల ఊపాలి, ఊపుతూనే ఉంది ఇన్నేళ్లూ. కానీ బతుకు చూడలేదట. ఆ డ్రైవరు నిజంగా వచ్చాడు కొట్టుకి. గడగడా చదువుతున్నప్పుడు ఆయన కళ్లు అట్ట మీద లేవు, తలుపు వైపున్నాయి, అదొక్కటే చూసింది ముంగి. అట్ట మార్చింది ఆమే. ఆయన అరవలేదు, ఏడవలేదు, ఆ ఒక్క మాట అడిగాడు. చేయి పట్టుకుని రోడ్డు దాటించి ఇంటిదాకా తీసుకెళ్లింది కూడా ఆమే. గుమ్మంలో ఆయన భార్య నిలబడింది, ఏమైంది అని అడగలేదు, చేతుల వైపు చూసింది, తాళాలు లేవు. అదంతా రాసింది మొదట. భార్యని రాసింది, గుమ్మాన్ని రాసింది, ఏడ్చేలా రాసింది. ఏడాదిలో ఒక్కొక్కటే తీసేసింది. ఆయన ఏడవనప్పుడు ఆయన తరఫున నేనెందుకు ఏడవాలి, ఎవరిచ్చారు నాకా హక్కు అనుకుని తీసేసింది. అమ్ముకునే కన్నీళ్లు వేరు, ఉన్నాయి, నాలుగు సాయంత్రాల్లో తయారవుతాయి, ఎంత కావాలంటే అంత. ఆ మనిషివి మాత్రం అమ్మలేదు. బతుకు చూడలేదంటే అందుకా? చూసి నోరు మూసుకుంటే చూడనట్టేనా?

సంపాదకుడు మైకు దగ్గరికి వచ్చాడు. చిన్న ప్రకటన అన్నాడు. ఈ రచయిత్రి ఇకనుంచి ప్రతి నెలా మన పత్రికకి ఒక కథ రాయబోతోంది, మెట్ల కింది కథలు అనే శీర్షికతో, ప్రతి నెలా పారితోషికంతో, వచ్చే సంచికలోనే మొదలు. చప్పట్లు హోరెత్తాయి. వేదిక మీద వదిన మొహంలో రక్తం లేదు. నెలనెలా! ముంగి గుండె ముందు ఎగిరింది, నిజం, ఎగిరింది. నెలనెలా అంటే కంప్యూటరు ఒక్కటే కాదు, తలుపున్న గది, మధ్యాహ్నం బేరాల మధ్య కాకుండా పొద్దున్నే రాసుకోవడం. ఎన్ని పత్రికలకి పంపి ఎదురుచూస్తే ఒక్కటి పడుతుంది, అలాంటిది నెలనెలా. ఏం చేయాలి, ఏమీ చేయక్కర్లేదు, ఊరికే కూర్చోవాలి, ఊరికే కూర్చోవడం ఆమెకి వచ్చిన విద్యే. ఇంట్లో ముంగి, దుకాణంలో ముంగి, పత్రికలో వదిన. మిగిలిన ఆ పేరు, పంతులమ్మ హాజరులో పిలిచిన పేరు, అదెక్కడ ఉంటుంది? సాధారణ ప్రచురణలో. ఎప్పుడు వేస్తారో చెప్పరు.

వదినని పిలిచారు. పూలగుత్తి ఇచ్చారు, కవరు ఇచ్చారు, ఫోటోలు తీశారు, రెండు మాటలు చెప్పమన్నారు. వదిన మైకు ముందు నిలబడి ముంగినే చూసింది. ఆ చూపు ముంగికి తెలుసు, ఎవరైనా చొక్కా కాల్చింది నువ్వే అని అబద్ధం చెబితే వదిన అలా చూస్తుంది.

"ఈ కథ నేను రాయలేదు సార్" అంది వదిన.

న్యాయనిర్ణేత ముందుకు వంగి తన మైకులో అన్నాడు. "విన్నారా! నేను రాయలేదు, కథే తనని తాను రాసుకుంది అంటోంది! గొప్ప రచయితలందరూ చెప్పే మాట ఇది!"

చప్పట్లు. లేచి నిలబడి కొట్టినవాళ్లు కూడా ఉన్నారు. వదిన చేతులు ఊపింది.

"కాదండీ బాబూ, నిజంగానే. కాలరు గురించి ఉన్న మాట ఒక్కటి నాది. మిగతాదంతా మా ఆడ..." చప్పట్లలో ఏమీ వినబడలేదు. ఫోటో తీసేవాడు నవ్వమన్నాడు. సంపాదకుడు చేతులు కట్టుకుని, ఎంత వినయం, ఎంత వినయం అని తల ఊపుతున్నాడు. వదిన ఏం చెప్పినా అది ఇంకా గొప్ప మాట అయి కూర్చుంటోంది, కుర్చీ తన్నినా సరే దానికీ ఒక అర్థం చెప్పేలా ఉన్నారు. అప్పుడు వదిన మైకుని రెండు చేతులా పట్టుకుని, వీధి చివర ఆడే పిల్లల్ని అన్నానికి పిలిచే గొంతుతో అరిచింది.

"ముంగీ! లేస్తావా, నేనే దిగొచ్చి లేపనా? నీ డ్రైవరు కథని అన్ని మాటలంటుంటే చెవులున్నాయా లేవా నీకు?"

ముంగి లేచింది. లేచానని కాళ్లు చెప్పాకే ఆమెకి తెలిసింది. అరిగిన కాలరు మనిషి మోకాళ్లు పక్కకి తిప్పి దారి ఇచ్చాడు. వేదికకి మెట్లున్నాయి, ఎక్కింది. ఇన్నాళ్లూ ఇంటికి నడుస్తూ లోపల చెప్పిన జవాబులన్నీ ఏవీ, ఒక్కటీ రావడం లేదు, రాకపోతే రాకపోనీ, ఉన్నదే చెబుదాం. వదిన పక్కకి జరిగి మైకు ముందు చోటు ఇచ్చింది, ఇస్త్రీ బల్ల దగ్గర ఇచ్చినట్టే. ముంగి ముందు తన అసలు పేరు చెప్పింది. తన గొంతులో ఆ పేరు అంత పెద్దగా ఆమె ఎప్పుడూ వినలేదు.

"చొక్కా కథ నాదే. డ్రైవరు కథ కూడా నాదే. ఒక్కరు ఒక్క కథే పంపాలన్నారు, నా దగ్గర రెండున్నాయి, రెండూ పంపాను. నిబంధన తప్పాను కాబట్టి బహుమతి మీరే ఉంచుకోండి. ఇచ్చెయ్ వదినా."

వదిన కవరు సంపాదకుడి చేతిలో పెట్టింది. పూలగుత్తి కూడా ఆయన అందుకోబోతే ఛాతీకి హత్తుకుని, "ఇది ఇంతదూరం వచ్చినందుకు నా కూలి" అంది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"మోసం చేశావమ్మా" అన్నాడు న్యాయనిర్ణేత. కోపం కాదది, దెబ్బ తగిలిన గొంతు. "నన్ను ఏడిపించావు."

"ఏడిపించాలనే రాశాను సార్. అది నాకు చేతనైన పని, దానికి సిగ్గు లేదు" అంది ముంగి. ఆయన తడి కళ్లలోకి సూటిగా చూసింది, పక్కకి తిప్పుకోలేదు. "మీరు ఏడ్చిందీ నిజమే. కానీ బతుకు చూసి రాసింది డ్రైవరు కథ." సంపాదకుడి వైపు తిరిగింది. "నెలనెలా కథలు రాస్తాను సార్. కన్నీళ్లు కావాలంటే కన్నీళ్లే రాస్తాను. నా పేరు వేస్తేనే."

సంపాదకుడు కవరు జేబులో పెట్టుకోవాలో బల్ల మీద పెట్టాలో తెలియక నిలబడ్డాడు. ఆలోచించుకోనీ, ఆయన పని అది. ముంగి న్యాయనిర్ణేత ముందుకి వెళ్లి చెయ్యి చాపింది.

"ఆ డ్రైవరు కథ ఇటివ్వండి సార్. సాధారణ ప్రచురణకి ఇవ్వడం లేదు. వచ్చే వారంతో ఇంకో పత్రిక పోటీ గడువు అయిపోతుంది."